విద్యాలయ భవనములును దాతల నామములును

నా మిత్రుడొకడు క్రిందటి వేసవిలో నా యొద్దకు వచ్చి యొక సందేహము నడిగెను. ఆయన మాతృదేవి గతించి సంవత్సరము కావచ్చినది. ఆమె పేర నున్న ఆఱెకరముల మాగాణి నమ్మి, ఆ ధనముతో తాను చదువుకొన్న విశ్వవిద్యాలయమున బాలికల కొక వసతిగృహమును కట్టింప నతడు సంకల్పించెను. అధికారులు మిక్కిలి సంతోషించి యొక పట్టికను పంపిరి. ఇంత మొత్తమిచ్చినచో భవనమునకు మీరు కోరిన పేరు. అందు సగమిచ్చినచో భోజనశాలకు. నాలుగవవంతునకు చదువుకొను గదికి. ఇంకను తక్కువకు ద్వారముచెంత పలకపై నొక పంక్తి. మిత్రుడా పట్టికను నా ముందుంచి, “అమ్మ పేరు పెట్టించుట తప్పా? తప్పు కానిచో దీనిని చదువునప్పుడెల్ల నాకేల సిగ్గు కలుగుచున్నది?” అనెను. అప్పుడు నేను సరియైన ప్రత్యుత్తర మీయలేకపోతిని. దానిని వెదకుటకే యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

పేరును కోరుట మనుష్యునకు సహజము. మన దేవాలయములలోను పాఠశాలలలోను విద్యుద్దీపపు గొట్టముమీద దాత పేరును, ఆయన తండ్రి పేరును, ఊరును ఎఱ్ఱని యక్షరములతో నిండుగా వ్రాయుటచేత వెలుతురు బయటికి వచ్చుటకు దారిలేక, దీపమున్న చోటనే మసక కమ్మియుండుట మనమందఱము చూచినదే. పంకా రెక్కలమీది పేరు గాలి వీచునప్పుడు కనబడక, కరెంటు పోయి చెమటలు పోయునప్పుడు మాత్రమే స్పష్టముగా కనబడుటయు చూచితిమి. ఇట్టివానికి నవ్వుకొని యూరకుండవచ్చును. గొట్టము మాడిపోయిననాడు పేరును దానితోనే పోవును. విశ్వవిద్యాలయ భవనము మాట యట్టిది కాదు. అది నూఱేండ్లు నిలుచును. అందు ప్రవేశించు విద్యార్థి యా పేరును తన చిరునామాగా వ్రాసికొనును. తన దేశమున గౌరవింపదగినవారెవరో యా గోడను చూచియే, నేర్చుకొనుచున్నానని తెలియకయే నేర్చుకొనును. విద్యాలయమున ఉపాధ్యాయులు మాత్రమే గాక గోడలును బోధించును గావున, వానిమీద నేమి వ్రాయవలయునను విచారము వట్టి మర్యాదకు సంబంధించినది కాదు.

మన పూర్వులు సప్తసంతానములని చెప్పిరి. కుమారుడు, కావ్యము, దేవాలయము, తటాకము, వనము, నిధి, అగ్రహారము అను నేడును మనుష్యుని పేరును ఆయన యనంతరము నిలుపునవి. వీనియందు కన్నకొడుకొక్కడే, తక్కిన యాఱును లోకోపకారములు. కొడుకు కావలయునని కోరుట పాపము కానిచో, చెఱువునకు తన పేరుండవలెనని కోరుట మాత్రమేల పాపము కావలయును? కీర్తికాంక్షను ఒక్కమాటతో త్రోసివేయు వైరాగ్యము నాకు రుచింపదు. ఆ కాంక్షయే లేకున్నచో మన దేశమున దాహమునకు నీరు దొరకని యూళ్లు మఱి యెన్నియో యుండెడివి.

అయినను మన పూర్వుల పద్ధతిలో నొక విశేషము గమనింపదగియున్నది. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు స్తంభములమీదను గోడలమీదను దానశాసనములు వందలకొలది కలవు. రాజులును రాణులును మాత్రమే గాక సామాన్యులును అఖండదీపమునకై గొఱ్ఱెల మందల నిచ్చిరి. దాత యెవడు, ఎన్ని గొఱ్ఱెల నిచ్చెను, ఎవరి పుణ్యమునకై యిచ్చెను, ఆ మందను ఏ బోయడు గైకొనెను, అతడు దినమునకెంత నేయి పోయవలెను అను విషయములు ఆ శాసనములలో కానవచ్చును. దాతతోపాటు గొఱ్ఱెలు కాచి నేయి తెచ్చువాని పేరును రాతి కెక్కినదన్నమాట! తుదిని శాపవాక్యములుండును. ఆ శాపము దాత పేరును చెఱిపినవానికి కాదు. దానమును హరించి దీపము నార్పినవానికి. పేరు దీపమునకు సాక్షిగా నిలిచినది. దీపము పేరునకు సాధనము కాలేదు. ఆలయము మాత్రము భీమేశ్వరునిదే. తమ పేరనే దేవుని నిలుపుకొన్న రాజులును లేకపోలేదు; తంజావూరి పెద్దకోవెలకు రాజరాజేశ్వరమను పేరు దానిని కట్టించిన చోళప్రభువునుండియే వచ్చినది. కావున మన పూర్వులందఱును నిష్కాములని నేననను. రెండు పద్ధతులును మనలోనే కలవు, వానిలో నొకదానిని ఎన్నుకొనవలసియున్నదని మాత్రము చెప్పుచున్నాను.

సప్తసంతానపు ఆలోచన మనకే సొంతమని తలంపవలదు. చెన్నపట్టణపు కోటతో సంబంధించిన కథ యొకటి కలదు. ఎలిహు యేల్ అను నాంగ్లేయుడు ఈస్టిండియా కంపెనీ సేవకుడై వచ్చి, 1687 మొదలుకొని 1692 వఱకు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా నుండెను. కంపెనీకి హానికరమైన సొంత వ్యాపారము చేసెనను నభియోగములపై పదవినుండి తొలగింపబడెను. అయినను అపారమైన ధనముతోనే స్వదేశమునకు మరలెను. 1718లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున నొక చిన్న కళాశాలకు భవనము కట్టుచుండగా ధనము చాలకపోయెను. అప్పుడు కాటన్ మేథర్ అను మతాచార్యుడు యేల్‌కు లేఖ వ్రాసి, ఆ కట్టడము మీ పేరు ధరించినచో నది కుమారులకంటెను కుమార్తెలకంటెను మేలైన స్మారకమగునని సూచించెను. సంస్కృతమక్కఱలేని యా యాచార్యుడు మన సప్తసంతానములనే తనకు తెలియకయే వల్లించెను! యేల్ తొమ్మిది బేళ్ల సరకును, 417 పుస్తకములను, జార్జి రాజు చిత్రపటమును పంపెను. ఆ సరకులో నూలుగుడ్డలు, మస్లిన్లు, పట్టువస్త్రములు నుండెను. అమ్మగా 562 పౌనులు వచ్చెను. భవనమునకు యేల్ కళాశాల యని పేరుపెట్టిరి. ఆ పేరు భవనమునుండి సంస్థకు ప్రాకి 1745 నాటి శాసనపత్రముతో స్థిరపడి, నేడు లోకమంతట వినబడుచున్నది.

దీనికి నాలుగేండ్లు ముందుగా, 1714లో, జెరెమియా డమ్మర్ అను వలసరాజ్యపు ప్రతినిధి లండనులో ఇంటింటికి తిరిగి ఆ విద్యాలయమునకై వందలకొలది పుస్తకములను యాచించి పంపియుండెను. ఐజాక్ న్యూటను తాను రచించిన గ్రంథములను స్వయముగా నిచ్చెను. బిచ్చమెత్తినవాని పేరును, ‘ప్రిన్సిపియా’ నిచ్చినవాని పేరును ఆ కళాశాల ధరింపలేదు. తొమ్మిది బేళ్లవాని పేరు ధరించినది. న్యూటనునకు దానివలన లోపమేమియు లేదు. లోపమున్నచో నది కొలతలో నున్నది.

ఇంతకును ఆ ధనమెక్కడిది? మన తీరమున సాలెలు నేసిన బట్టలవలనను, వజ్రముల వ్యాపారమువలనను, ఇతర వర్తకములవలనను చేరినది. యేల్ పాలించిన దినములలో, కరవుచే తిండిలేక యలమటించు ప్రజలను కొని యోడలలో నెక్కించు బానిస వ్యాపారము ఆ కోటనుండి జరిగినదనియు, అందుకు సంబంధించిన సభాతీర్మానములలో నతడు పాల్గొనెననియు చరిత్రకారులు చూపియున్నారు. ఆనాటి చెన్నపట్టణమున తెలుగువారు విశేషముగా నివసించుచుండిరి. ఆ యోడలెక్కినవారి భాష యేదో ఊహించుట కష్టము కాదు. అట్లని యేల్‌ను రాక్షసునిగా చిత్రించుట నా యుద్దేశము కాదు. బాల్యముననే గతించిన యాయన కుమారుడు డేవిడ్ సమాధి చెన్నపట్టణపు న్యాయకళాశాల యావరణమున నున్నది. తొమ్మిది బేళ్లను పంపిన ముదుసలికి మేథర్ వ్రాసిన ‘కుమారులకంటె’ అను మాట ఎచ్చట తాకియుండునో యా సమాధిని తలంచినవారు గ్రహింపగలరు. మనుష్యుడు మనుష్యుడే. కాని విశ్వవిద్యాలయము తన బానిసత్వ సంబంధములకై బహిరంగముగా క్షమాపణ చెప్పినది 2024లో. అనగా పేరు పెట్టిన మూడువందల యాఱేండ్లకు. అంతకాలము విద్యార్థులు పేరును నేర్చుకొనిరి, పేరు వెనుకనున్న వారిని నేర్చుకొనలేదు.

బొంబాయి విశ్వవిద్యాలయపు రాజాబాయి గోపురముకథ దీనికంటె మృదువైనది, అందుచేతనే నిర్ణయించుట కష్టతరమైనది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అను ప్రత్తివర్తకుడు 1864లో గ్రంథాలయమునకు రెండులక్షల రూపాయలును, గడియారపు గోపురమునకు మఱి రెండులక్షలును ఇచ్చి, గోపురమునకు తన తల్లి రాజాబాయి పేరు పెట్టవలెనని కోరెను. అది అమెరికా దేశమున అంతర్యుద్ధము జరుగుచున్న కాలము. అక్కడి ప్రత్తి యింగ్లండునకు రాకపోవుటచే బొంబాయి ప్రత్తికి బంగారపు ధర పలికెను. ఆ ధనముతో వాటాల జూదము ఊరంతయు పాకినది. 1865లో యుద్ధము ముగిసెను, ధర పడెను, వేలకొలది కుటుంబములు దివాలా తీసెను. జూదమునకు నాయకుడని పేరొందిన ప్రేమ్‌చంద్ తానును మునిగెను. గోపురము మాత్రము 1878లో పూర్తియయ్యెను. నేటికిని గంటలు కొట్టుచున్నది. ఆ గంటలలో నేది తల్లిపై ప్రేమ, ఏది దివాలా తీసినవారి నిట్టూర్పు అని వేఱుపఱుపగల చెవి నాకు లేదు. కుమారుడు తన పేరును కాక తల్లి పేరును కోరుకొనినాడన్న యొక్క కారణముచేత నేను ఆ గోపురమును ద్వేషింపజాలను. నా మిత్రుని విషయమున నా నాలుకను బంధించినదియు నిదియే.

ఇక కలకత్తాకు పోవుదము. తారకనాథ పాలిత్‌గారును రాస్‌బిహారీ ఘోష్‌గారును తాము న్యాయవాదవృత్తిలో నార్జించిన లక్షలను 1912, 1913 సంవత్సరములలో విజ్ఞానకళాశాల స్థాపనమునకై యిచ్చిరి. వారును నిబంధనలు పెట్టిరి. తమ ధనముతో నేర్పడిన యాచార్యపదవులలో భారతీయులనే నియమింపవలెనన్నది ముఖ్యమైన నిబంధన. ఉన్నతపదవులు తెల్లవారికే దక్కు నాకాలమున ఈ నిబంధనకు ఎంత యర్థమున్నదో చెప్పనక్కఱలేదు. పాలిత్ ఆచార్యపీఠమునందే ప్రఫుల్లచంద్ర రాయ్‌గారు రసాయనశాస్త్రమును, 1917 మొదలు చంద్రశేఖర వేంకటరామన్‌గారు భౌతికశాస్త్రమును బోధించిరి. ఇక్కడ పేరు గోడకు కాక పనికి తగిలియున్నది. ‘పాలిత్ ఆచార్యుడు’ అనునప్పుడు దాత యేమి కోరెనో యా రెండుమాటలలోనే యున్నది. దాత నిబంధన పెట్టుటయే తప్పని చెప్పువారు ఈ యుదాహరణమును మఱవరాదు. నిబంధన పనిని గూర్చినదా, అధికారమును గూర్చినదా యన్నదే విచారింపవలసినది. 1929లో ఇరువది లక్షల రూపాయల దానముతో నేర్పడిన అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు స్థాపకుని పేరు మాత్రమే గాక, ఆయన వంశమువారికి ప్రో-ఛాన్సలరు పదవియు పారంపర్యముగా లభించినది. ఆర్థికమైన చిక్కులు ముదిరి, 2013లో తమిళనాడు ప్రభుత్వము చట్టముచేసి దానిని స్వాధీనపఱచుకొనవలసి వచ్చినది.

మన వాల్తేరులో ఒకే యావరణమున రెండు పేర్లుండెడివి. విశేష ధనసాహాయ్యము చేసిన జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి పేర నొక కళాశాల. మద్రాసు గవర్నరుగా నుండిన ఎర్‌స్కిన్ ప్రభువు పేర ప్రకృతిశాస్త్రముల కళాశాల. ఒకటి యిచ్చినవానిది, ఒకటి యేలినవానిది. ఏలినవాని పేరు తరువాత పోయినది. అందుకు చింతిల్లినవారు లేరు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నెలకొల్పిన ప్రభువు పేరును ధరించియున్నది. కాని ఆ ధనము రైతు చెల్లించిన శిస్తునుండి వచ్చిన రాజ్యపు ధనము. ప్రజల సొమ్ముతో ప్రజలకు కట్టిన దానికి పాలకుని పేరు పెట్టుట దానమున కిచ్చిన ప్రతిఫలమా యని యడిగినచో, నాడు గాని నేడు గాని మన మంత్రులకు సంతోషము కలుగదు. ఆ ప్రసంగ మంతటితో నుండనిండు.

ఇటీవలి కాలమున ఈ ప్రశ్నను అందఱి కన్నులకు కట్టించినది శాక్లర్ కుటుంబపు కథ. ఆ కుటుంబములోనివారికి చెందిన మందుల సంస్థ 1996 నుండి ఆక్సికాంటిన్ అను నొప్పిమందును అమ్మెను. దానినిగూర్చి ప్రజలను మోసపుచ్చినందులకు 2007లోను, మందుల వ్యాపారమున చేసిన యక్రమములకు మరల 2020లోను ఆ సంస్థ నేరమంగీకరించినది. అమెరికాలో మందుమత్తుకు దాసులై మరణించినవారి కుటుంబములకు శాక్లర్ అను పేరు వినుటయే దుర్భరమయ్యెను. ఆ పేరు మాత్రము విశ్వవిద్యాలయములమీదను చిత్రశాలలమీదను మెఱయుచుండెను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయము 2019 డిసెంబరులో తన వైద్యకళాశాల భవనములనుండి దానిని తొలగించెను. వైద్యము నేర్వవచ్చిన బాలురు ఆ ద్వారము క్రిందుగా పోవుటకు సిగ్గుపడుచున్నారని పెద్దలే యొప్పుకొనిరి. ఆక్స్‌ఫర్డు 2023లో గ్రంథాలయమునుండియు గదులనుండియు పదవులనుండియు ఆ పేరును తీసివేసినది. అయితే దాతల పేర్లు చెక్కిన క్లారెండన్ తోరణముమీదను, మ్యూజియములోని దాతల పట్టికలోను మాత్రము అట్లే యుంచినది. ఇచ్చినది నిజము, ఆ నిజమును చెఱుపగూడదు, గౌరవము మాత్రము వాపసు తీసికొందుమని దాని భావము. ద్రాక్షారామపు శాసనమునకును రాజరాజేశ్వరమునకును గల భేదమును ఆక్స్‌ఫర్డు పెద్దలు ఇంత యాలస్యముగా కనుగొనిరి.

ఇప్పుడు ప్రతిపక్షము మాట వినవలయును. పేరు పెట్టమన్నచో ఎవ్వరును ఇయ్యరు. ప్రభుత్వము చేయి ముడుచుకొన్నది. బీదవిద్యార్థికి గది కావలెను. గదిలో నిద్రించువానికి గోడమీద నెవరి పేరున్న నేమి? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన వాదము కాదు. చెట్టుక్రింద చదువుకొనుడని బోధించువాడు సాధారణముగా మేడలో చదువుకొన్నవాడై యుండును. 2024 ఆగస్టులో తెలుగునాట పుట్టిన కృష్ణ చివుకులగారు తాము చదివిన మద్రాసు ఐ.ఐ.టి.కి 228 కోట్ల రూపాయలనిచ్చిరి. ఒక విద్యాభవనమునకు ఆయన పేరు పెట్టిరి. ఆ ధనము విద్యార్థి వేతనములకును పరిశోధనలకును పనికివచ్చునది. ఆ యౌదార్యమును కొనియాడనివాడు కృతఘ్నుడు. ఒక్కటి మాత్రమడుగుదును. ఆ విద్యాలయమును నిలిపి, అల్పమైన రుసుముతో ఒక తరమువారికి చదువు చెప్పించినది ఈ దేశపు పన్నులు. అగ్గిపెట్టె కొన్న కూలివాడును ఆ పన్నులో తన పైస చెల్లించెను. అతని పేర నొక గదియైనను కలదా? లేదు, అతని కొక పట్టికయు రాలేదు.

గుప్తదానమే యుత్తమమని కొందఱందురు. చాలకాలము నేనును అట్లే తలంచితిని. ఇప్పుడంత నిశ్చయముగా చెప్పలేను. దాత యెవరో తెలియనిచో, అతడు చాటున నేమి కోరెనో యెవరికి తెలియును? ఏ యాచార్యుని నియమింపవలదని చెవిలో చెప్పెనో, ఏ పరిశోధనను ఆపించెనో? రహస్యము దాతయొక్క వినయమునకు వస్త్రమైనట్లే స్వార్థమునకును కాగలదు. ఎవరిచ్చిరో, ఎంత యిచ్చిరో, ఏ నిబంధనతో నిచ్చిరో ప్రజలకు తెలియవలసినదే. కావున నేను వ్యతిరేకించునది పేరును కాదు, పట్టికను. కృతజ్ఞత దానమునకు పిమ్మట పుట్టునది. ముందుగా లెక్కగట్టి చూపినది వెల. వెలయిచ్చి కొన్నవానికి హక్కుండును, అమ్మినవానికి నోరుండదు. తాను కొనియాడుటకు ఒప్పందము చేసికొన్న మనుష్యుని చరిత్రను విశ్వవిద్యాలయ మెట్లు పరిశోధించును? అతని కర్మాగారపు మురికినీటిని పరీక్షింపవలసివచ్చినచో, అతని పేరుగల ప్రయోగశాలలో నే విద్యార్థి పరీక్షించును? ఆ వెఱపులేని చోట పేరుండవచ్చును. అదియు నొక తరముకాలము. ఆ పిదప వచ్చువారు తమ కృతజ్ఞతను తామే నిర్ణయించుకొందురు. మన తాతలు మనకై మ్రొక్కిన మ్రొక్కులనే తీర్చలేకున్నాము. మనుమలపై నిత్యగౌరవపు ఋణమును వేయుటకు మన మెవరము?

ఈ మాటలనే మొన్న మిత్రునకు చెప్పితిని. అతడు కొంతసేపూరకుండి, పట్టికను మడిచి జేబులో పెట్టుకొనెను. పదిదినములకు నాకొక కాగితమును పంపెను. వసతిగృహమునకు పేరక్కఱలేదని, వాకిట నొకరాతి పలకకు మాత్రము చోటిమ్మని అధికారులకు వ్రాసెనట. వారు కొంత యాశ్చర్యపడి సమ్మతించిరట. పలకమీది వాక్యములను తానే వ్రాసెను. తన తల్లి పేరు. ఆమెకు చదువు రాదు. ఆఱెకరముల పొల మమ్మగా వచ్చిన ధనమిది. ఇది చదువుకొను బాలికలకు. అందులో ‘దానశీలి, పుణ్యాత్మురాలు’ అను రెండుమాటలుండగా కొట్టివేసితిని. తల్లిని గూర్చి కొడుకు వ్రాసినమాటలను కొట్టివేయుటకు నాకెంత ధైర్యమో యని యనుకొంటిని గాని, అతడు కోపింపలేదు. మీదుమిక్కిలి మఱునాడు తానే మఱియొక పంక్తిని చేర్చెను: ఆ పొలమును నలువదేండ్లు కౌలుకు దున్నిన నాలుగు కుటుంబముల పేర్లు. మూడింటివి దొరకినవి. నాలుగవవారు పనికై యెన్నడో యూరు విడిచి పోయిరి. ఇంటిపేరు ఒక్కొక్కరొక్కటి చెప్పుచున్నారు. పలక చెక్కు శిల్పి ఆ యొక్క పంక్తికి చోటువిడిచి వేచియున్నాడు.